పెళ్ళిపందిట్లో కటకం

భాగవతం చదివినవారికి చిత్రలేఖ కథ తెలిసిందే. బాణాసురుని కుమార్తె ఉష ఒక యువకుణ్ణి కలలో చూసింది. అతడెవరో ఆమెకు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ దేవ గంధర్వ మానవ వీరుల రూపాలను వరుసగా చిత్రించి చూపుతూ పోగా, అనిరుద్ధుని చిత్రం కంటబడగానే ఉష సిగ్గుతో తలవంచుకొంది. ఆ కుంచె ఎంత ఖరీదైనదో, రంగులు ఎక్కడివో ఆమె విచారించలేదు. మనిషిని గుర్తుపట్టింది. రూపచిత్రానికి మొదటి పరీక్ష అదే.

ఈనాడు చిత్రలేఖ పని కెమెరా పట్టిన యువకుల చేతికి వచ్చింది. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతంలో ఈ పనికి ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. ఇక్కడ గల్ఫ్ దేశాలకు పోయినవారు లేని ఊరు అరుదు. చెల్లెలి మెడలో పుస్తె పడే క్షణాన అన్న మస్కట్‌లోనో దుబాయిలోనో పనిలో ఉంటాడు. సెలవు దొరకదు, దొరికినా విమానం టిక్కెట్టుకు డబ్బు చాలదు. అతనికి ఆ పెళ్ళి అంటే ఛాయాచిత్రాలే. చెల్లెలి ముఖం మసకబారితే, తలంబ్రాలు గీతలుగా మారితే, ఆ క్షణాన్ని మళ్ళీ జరిపించి చూపడం ఎవరివల్లా కాదు. అందువల్ల తక్కువ డబ్బుతో ఏ కటకం కొనాలి అనే ప్రశ్న కేవలం వ్యాపారవిషయం కాదు.

ఆర్మూరు పసుపుకు పేరుపొందిన ఊరు. ఈ ఊరి పేరుతోనే ఒక పసుపురకం వ్యవహారంలో ఉంది. జూన్ ప్రాంతంలో నాటిన పసుపును జనవరి మొదలు మార్చి వరకు తవ్వుతారు. కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తరలిస్తారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభం కావడానికి ఈ ప్రాంతపు సాగే నేపథ్యం. పంట డబ్బు చేతికి వచ్చే రోజులూ, మాఘ ఫాల్గుణ వైశాఖాల ముహూర్తాలూ ఇంచుమించు కలిసివస్తాయి. కాబట్టి ఇక్కడి ఫొటోగ్రాఫరుకు సంపాదనకాలం ఏడాదిలో కొన్ని నెలలే. ఆ నెలలు రాకముందే సామగ్రి కొనుక్కోవాలి. అంటే అతడు కొనేది చాలాసార్లు అప్పు సొమ్ముతో.

మనిషి ముఖాన్ని చిత్రించడానికి ప్రత్యేకంగా కటకం కావాలన్న ఆలోచన కొత్తది కాదు. 1839లో ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైన తొలిరోజుల్లో, చిత్రం తీయించుకొనే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. అప్పటి కటకాలు లోనికి పంపే వెలుగు అంత తక్కువ. 1840లో వియన్నాలోని గణితశాస్త్రవేత్త జోసెఫ్ పెట్జ్‌వాల్ గణితం ఆధారంగా ఒక కటకాన్ని రూపొందించాడు. వాయిట్‌లాండర్ సంస్థ దాన్ని తయారుచేసింది. దానితో ఆ కాలవ్యవధి నిమిషంలోపుకు దిగింది. ఆ కటకంలో చిత్రం నడిమిభాగం స్ఫుటంగా ఉండి, అంచులు మసకగా ఉండేవి. నాడు అది లోపం. నేడు కొందరు అదే మసకను డబ్బిచ్చి కొంటున్నారు! ఏమైనా, రూపచిత్ర కటకం పుట్టింది మసక కోసం కాదు, వెలుగు కోసం. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన ప్రాంతంలో ఈ కళకు గౌరవం తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటుచేశాడు. ఎవరిని ఎక్కడ, ఏ పరిస్థితిలో చిత్రించాలో ముందుగా ఆలోచించి, దానికి తగిన ఏర్పాటు చేసుకోవడం ఆయన పద్ధతి. ఆస్థానపు సంపద మనకు లేకపోయినా ఆ పద్ధతి మనకు అందుబాటులోనే ఉంది.

ఇక కటకం పైన రాసి ఉండే అంకెల సంగతి. భౌతికశాస్త్రంలో మీరు నాభ్యంతరం అని చదివిందే ఫొటోగ్రాఫర్ల వ్యవహారంలో ఫోకల్ లెంగ్త్. దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. నాభ్యంతరం తగ్గినకొద్దీ ఎక్కువ దృశ్యం పడుతుంది, పెరిగినకొద్దీ దూరవస్తువు దగ్గరగా కనిపిస్తుంది. రెండో అంకె ఎఫ్ సంఖ్య. నాభ్యంతరాన్ని, వెలుగు ప్రవేశించే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. 50 మి.మీ. కటకం మీద 1.8 అని ఉంటే దాని ద్వారం సుమారు 28 మి.మీ. వెడల్పు వరకు తెరుచుకొంటుందని అర్థం. సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దది. కొత్తవారు తడబడేది ఇక్కడే.

కెమెరాతోపాటు సాధారణంగా వచ్చే కటకం 18–55 మి.మీ. జూమ్. దాని 55 మి.మీ. కొసన ఎఫ్ సంఖ్య 5.6. దీన్ని 50 మి.మీ. ఎఫ్ 1.8తో పోల్చి చూడండి. వెలుగు ఎఫ్ సంఖ్యల వర్గాల నిష్పత్తిలో మారుతుంది. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 వస్తుంది. అంటే ఆ చిన్న కటకం దాదాపు పదిరెట్ల వెలుగును లోనికి తెస్తుంది. పదిరెట్లు అనే మాటకు పెళ్ళిపందిట్లో ఉన్న అర్థం ఏమిటి? రాత్రి ముహూర్తానికి, ఫంక్షన్‌హాలు దీపాల కింద, జూమ్ కటకంతో సెకనులో 25వ వంతు కాలం తీసుకొనే చిత్రం, దీనితో సెకనులో దాదాపు 250వ వంతులో పూర్తవుతుంది. తలంబ్రాలు తల మీది నుంచి జారుతున్నప్పుడు బియ్యపుగింజ సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకొందనుకోండి. సెకనులో 25వ వంతులో అది ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది, చిత్రంలో తెల్లని గీతగా మిగులుతుంది. 250వ వంతులో కదిలేది ఎనిమిది మిల్లీమీటర్లు, ఇంచుమించు గింజ పొడవంత. మొదటి చిత్రంలో వాన కురిసినట్టుంటుంది, రెండో చిత్రంలో గింజలు కనిపిస్తాయి, గింజల వెనుక నవ్వు కనిపిస్తుంది.

చేయి వణకును సరిదిద్దే ఏర్పాటు జూమ్ కటకాల్లో ఉంది కదా అని దుకాణదారు అంటాడు. నిజమే. అయితే అది తీసేవాని చేయి వణకును ఆపుతుందిగాని, తలంబ్రాలు పోసే పెళ్ళికొడుకు చేతిని ఆపదు. ఐ.ఎస్.ఓ. పెంచి వెలుగు కొరతను పూడ్చుకోవచ్చు. దానికి మూల్యంగా ముఖం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, పాత కెమెరాల్లో మరీ ఎక్కువ.

వెలుగే ముఖ్యమైతే ఇంకా పెద్ద ద్వారం ఉన్న కటకం కొనవచ్చు గదా! ఈ ఆశకే చాలామంది లోబడతారు. కెనాన్ సంస్థ ఆర్‌.ఎఫ్. వరుసలోని 50 మి.మీ. కటకాల్లో రెండింటిని పోల్చి చూడండి. ఒకటి ఎఫ్ 1.8, బరువు 160 గ్రాములు. రెండోది ఎఫ్ 1.2, బరువు 950 గ్రాములు. రెండోది తెచ్చే వెలుగు మొదటిదానికి రెండుంబావు రెట్లు. బరువు దాదాపు ఆరురెట్లు. ధర పదిరెట్లకు అటూఇటూ. ధరలు ఏటా మారుతుంటాయి, ఈ నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు. పాత జూమ్ నుంచి ఎఫ్ 1.8కు మారడానికి పెట్టే కొద్దిపాటి సొమ్ము పదిరెట్ల వెలుగునిస్తే, అక్కడినుంచి ముందుకు పోవడానికి పెట్టే పెద్దసొమ్ము రెండు రెట్ల పైచిలుకు మాత్రమే ఇస్తుంది. అప్పుచేసి కొనేవాడు ఈ లెక్కను కాగితం మీద వేసి చూడాలి.

వెలుగు తరువాత చూడవలసింది చోటు. ఎక్కువమంది కొనే తక్కువధర కెమెరాల్లో సెన్సర్, పాత ఫిల్ము చట్రం కంటె చిన్నది. ఫిల్ము చట్రం 36 మి.మీ. పొడవైతే ఇది సుమారు 23.5 మి.మీ. ఆ కారణంగా దీనిమీద 50 మి.మీ. కటకం పెద్ద సెన్సర్ మీది 75 మి.మీ. కటకంవలె ప్రవర్తిస్తుంది. కెనాన్‌లో అయితే 80. కెమెరాను నిలువుగా పట్టి, మనిషిని నడుము పైవరకు, అంటే ఒక మీటరు ఎత్తు మేర, చట్రంలో నింపాలంటే ఎంత దూరంలో నిలబడాలి? 35 మి.మీ. కటకానికి సుమారు ఐదడుగులు. 50కి ఏడు అడుగులు. 85కి పన్నెండు అడుగులు. పెళ్ళికూతురును అలంకరించే గది చాలా ఇళ్ళలో పదడుగులే. అందులో మంచం, బీరువా, పది మంది బంధువులు. అక్కడికి 85 మి.మీ. కటకం తీసుకొనిపోయినవాడు గుమ్మం బయట నిలబడవలసి వస్తుంది. రూపచిత్రానికి 85 శ్రేష్ఠమని పుస్తకాల్లో రాసిన మాట పెద్ద సెన్సర్ కెమెరాలను, విశాలమైన స్టూడియోలను ఉద్దేశించింది.

చోటు లేదు గదా అని జూమ్‌ను 18 మి.మీ.కు తిప్పి, ముఖం దగ్గరికి పోవడం మరో ప్రమాదం. చెవులకంటె ముక్కు పన్నెండు సెంటీమీటర్లు ముందుందనుకొందాం. ముక్కుకు 48 సెం.మీ. దూరం నుంచి తీస్తే చెవులకు 60 సెం.మీ. అవుతుంది. ముక్కు తన న్యాయమైన ప్రమాణంకంటె నాలుగోవంతు పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఆరు శాతమే. ఇది కటకం దోషం కాదు, దూరం చేసే పని. ముఖానికి కనీసం ఐదారడుగుల దూరం ఉంచగలిగిన కటకమే ముఖానికి మేలు చేస్తుంది.

ఈ లెక్కలన్నీ 50 మి.మీ. ఎఫ్ 1.8 వైపే చూపుతున్నాయి. అయితే దాన్ని చేతికి తీసుకొన్న ప్రతివాడూ మొదటిరోజే ద్వారాన్ని పూర్తిగా తెరిచి, వెనుక ఉన్నదంతా మసక చేసి మురిసిపోతాడు. రెండు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 దగ్గర స్ఫుటంగా పడే లోతు సుమారు పన్నెండు సెంటీమీటర్లు, అంటే సగం జానెడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు అంత కొలతగా ఒకే వరుసలో కూర్చోరు. ఒకరు జానెడు వెనక్కి ఉంటే ఒక ముఖం మాత్రమే దక్కుతుంది. ఎఫ్ 4కు తగ్గిస్తే లోతు పాతిక సెంటీమీటర్లు, ఎఫ్ 5.6కు తగ్గిస్తే మూరకు కొంత తక్కువ. కాని వెలుగు ఎఫ్ 4 దగ్గరే అయిదోవంతుకు పడిపోతుంది. అప్పుడు ఫ్లాష్ ఆసరా తీసుకోక తప్పదు. ఒక్కరి ముఖమైతే వెలుగుకు ఓటు, ఇద్దరైతే లోతుకు ఓటు. ఈ నిర్ణయం క్షణంలో జరగాలి, దాన్ని ఏ కటకమూ చేసిపెట్టదు.

మసక గురించి మరొక మాట. కాళిదాసు శాకుంతల నాటకం ఆరవ అంకంలో దుష్యంతుడు శకుంతల చిత్రాన్ని తానే రచిస్తాడు. ముఖం కుదిరింది, చూసినవారు మెచ్చుకొన్నారు. అతనికి మాత్రం తృప్తి లేదు. హంసల జంటలు విశ్రమించే మాలినీనది ఇసుకతిన్నెలు ఇంకా గీయవలసి ఉన్నాయంటాడు. హిమాలయపు చరియలు, నారచీరలు ఆరవేసిన చెట్టు, దాని నీడలో కృష్ణమృగం కొమ్ముకు తన కన్ను రాపాడించుకొనే లేడి కావాలంటాడు. తాను ఆమెను చూసిన చోటు లేనిదే ఆమె పూర్తికాదని అతని భావం. ఎదుటలేని మనిషిని తలచుకొనేవానికి పరిసరం ఎంత అవసరమో ఆ మహాకవి గుర్తించాడు. మస్కట్‌లో ఉన్న అన్నకు చెల్లెలి ముఖం ఒక్కటే చాలదు. ఆమె వెనుక అమ్మ కన్ను తుడుచుకొంటున్నదీ, వాకిట్లో పచ్చిపందిరి వేసినదీ, మైలపోలు నాడు మేనత్తలు పసుపు చేతులతో నవ్వుతున్నదీ అతడు చూడాలి. వాటిని మసక చేసి పంపితే సగం పెళ్ళి ఎగిరిపోయినట్టే. ఈ పనికి 35 మి.మీ. ఎఫ్ 1.8 వంటి కటకం తగినది. డబ్బు కుదిరితే కొనదగిన రెండోది ఇదేనని నా అభిప్రాయం. చాలామంది 85ను రెండోదిగా కొంటారు, నేను దాన్ని మూడోస్థానంలో ఉంచుతాను. ఆర్మూరు సిద్ధులగుట్ట మీద నవనాథ సిద్ధేశ్వరాలయం పరిసరాల్లో, ఆ నల్లరాతి బండల మధ్య, పెళ్ళికి ముందు చిత్రాలు తీసేటప్పుడు 85కు కావలసినంత చోటు దొరుకుతుంది. కాని అంత అద్భుతమైన రాతిని అక్కడిదాకా ఎక్కిపోయి మసక చేయడం నాకు వింతగానే తోస్తుంది.

వాడిన కటకాలు కొనడం తప్పేమీ కాదు. డబ్బు తక్కువ ఉన్నవానికి అదే సరైన దారి. కంపెనీలు అద్దంలేని కెమెరాల వైపు మొగ్గినందువల్ల పాత డి.ఎస్.ఎల్.ఆర్. కటకాలు సగటువాని అందుబాటులోకి వచ్చాయి. కొనేముందు అది మన కెమెరాకు అతుకుతుందా, అతికినా ఫోకస్ తానే చేసుకొంటుందా అని రెండు విషయాలు విడివిడిగా అడగాలి. నికాన్ డి 3000, డి 5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు. పాత ‘ఏ.ఎఫ్. డి’ రకం 50 మి.మీ. కటకం వాటికి చక్కగా అతుకుతుంది, కాని ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవాలి. ముహూర్తవేళ అది సాగే పని కాదు. మోటారు లోపలే ఉన్న ‘ఏ.ఎఫ్.ఎస్.’ రకం తీసుకోవాలి. కెనాన్ ఇ.ఎఫ్. కటకాల్లో మోటారు మొదటినుంచీ కటకంలోనే ఉంది. అడాప్టరు సాయంతో అవి ఆ సంస్థ కొత్త ఆర్ వరుస కెమెరాల మీద కూడా పనిచేస్తాయి.

కటకాన్ని సెల్‌ఫోన్ దీపానికి ఎదురుగా పట్టి లోపలికి చూడాలి. సాలెగూటి పోగులవంటివి కనబడితే అది బూజు. ఎంత చవకైనా వదిలివేయాలి. ముందు అద్దంమీద సన్నని గీత ఒకటి ఉన్నా పెద్దగా నష్టం లేదు, బేరమాడడానికి పనికివస్తుంది. వెనుక అద్దంమీది గీత అలా కాదు. తరువాత వార్తాపత్రికను బల్లమీద పరిచి, ఏటవాలుగా ఎఫ్ 1.8తో తీసి, గురిపెట్టిన వరుసే స్ఫుటంగా ఉందో లేదో పరీక్షించాలి.

పసుపు గురించి ఈ ఊరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా కటకానికి అది శత్రువని చెప్పక తప్పదు. పసుపు చల్లుకొనే వేడుకలో పొడి గాలిలో లేస్తుంది. ముందుకు వెనక్కు సాగే జూమ్ కటకం ఊపిరి పీల్చినట్టు ఆ గాలిని లోనికి లాగుతుంది. ఆ వేడుకకు స్థిరకటకం మేలు. ముందు ఒక రక్షక ఫిల్టరు ఉండాలి, వేడుక ముగిసేదాకా కటకం మార్చకూడదు. పొడిని రబ్బరు బుడ్డితో ఊదాలేగాని కండువాతో తుడవకూడదు, గీతలు పడతాయి. పసుపులోని రంగుపదార్థం నీటిలో కరిగేది కాదు కాబట్టి తడిబట్టతో రుద్దినా మరక అలాగే ఉంటుంది.

పెద్దహాళ్ళలో, చర్చి పెళ్ళిళ్ళలో దగ్గరికి పోవడానికి వీలుండదు. అక్కడ 70–200 మి.మీ. ఎఫ్ 2.8 వంటి బరువైన జూమ్ నిజంగా అవసరమే. దాన్ని కొనడం ఎందుకు? ఏడాదికి నాలుగైదు రోజుల పనికి కిరాయికి తెచ్చుకోవచ్చు. ఆ డబ్బుతో అంతకంటె ముందు కొనవలసినవి ఉన్నాయి: అదనపు బ్యాటరీ, అదనపు మెమరీ కార్డు, వీలైతే పాతదైనా మరొక కెమెరా. పుస్తె కట్టే వేళ ఉన్న ఒక్క కెమెరా మొరాయిస్తే సంచిలోని మూడు కటకాలూ ఏం చేస్తాయి? కెమెరాతో వచ్చిన 18–55ను కూడా అమ్మివేయకూడదు. పగటివెలుగులో ఇరవైమంది బంధువులను మూడు వరుసల్లో నిలబెట్టి ఎఫ్ 8తో తీయడానికి అంతకంటె ఏం కావాలి?

ఇంకా ఏది కొనాలో తేలకపోతే ఒక ఉపాయం ఉంది, దానికి పైసా ఖర్చులేదు. తీసిన ప్రతి చిత్రంతోపాటు ఏ నాభ్యంతరం దగ్గర తీశారో కెమెరా తానే రాసిపెడుతుంది. జూమ్‌తో తీసిన పాత పెళ్ళి ఒకటి తీసుకొని, ఆల్బమ్‌లోకి ఎక్కిన చిత్రాలను మాత్రమే వరుసగా చూసి, ఆ అంకెలను కాగితం మీద రాసుకోండి. 35 దగ్గరివి ఎన్ని, 50 దగ్గరివి ఎన్ని, వెలుగు చాలక పక్కన పెట్టినవి ఎన్ని? ఆ కాగితాన్ని జేబులో పెట్టుకొని దుకాణానికి పోండి.